నవ్వు షాట్

పైడితల్లి పంతొమ్మిదిసార్లు చచ్చిపోయింది. ఇరవయ్యోసారి చావమన్నా చచ్చేదే. ఈలోగా హీరోల కాల్షీట్లు అయిపోయాయి కాబట్టి అక్కడితో సరిపోయింది.

ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మనిషిని చంపడానికి ఒక్కసారి చాలదా? సినిమాలోనైనా సరే! కాని అది మామూలు సినిమానా? "ఏడు పిడుగులు" మరి! ఏడు సినిమాల్లో ఎవరి మానాన వాళ్ళు ఎగిరి, దూకి, లోకాన్ని కాపాడిన ఏడుగురు వీరులు ఒకే సినిమాలోకి వచ్చి పడ్డారు. ఇనుపరెక్క, నీలికన్ను, భూకంపం అంటూ ఆరుగురు మగవాళ్ళు. ఏడోది తుఫానురాణి. ఆఖర్న లోకం కోసం తుఫానురాణి మేఘాల్లోంచి కింద పడి ప్రాణం విడుస్తుంది. కథ రాసినాయన అంతవరకు శుభ్రంగానే రాశాడు. పడ్డ రాణి ఎవరి ఒళ్ళో ప్రాణం విడవాలో మాత్రం రాయలేకపోయాడు. ఒకరి పేరు రాస్తే మిగతా ఐదుగురి అభిమానులూ ఆయన ఇంటిమీదికి వస్తారు.

దర్శకుడు బుర్ర గోక్కుని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆరుగురి ఒళ్ళోనూ చంపేద్దాం, ఏది బాగుంటే అది పెడదాం అన్నాడు. తలా మూడు టేకులు. నీలికన్ను వేషం కట్టినాయనకి తన జుట్టు నచ్చలేదని ఇంకొకటి. మొత్తం పంతొమ్మిది.

తుఫానురాణి వేసిన హీరోయిన్ రెండు రోజులు వచ్చి, ముసుగు లేని షాట్లు ఇచ్చి వెళ్ళిపోయింది. ముసుగు కట్టుకుని డెబ్భై అడుగుల ఎత్తు నుంచి తాడు మీద పడిందీ, ఆరుగురి ఒళ్ళలో శవంలా పడుకున్నదీ డూపు. ఆ డూపు పైడితల్లి, నూకరత్నం సొంత చెల్లెలు.

ఉత్తుత్తి చావే కదా, దానికింత రాద్ధాంతం ఎందుకంటారా? అలా పడ్డప్పుడల్లా పైడితల్లి మెడకి ఒక పట్టీ ఉంది. ఆ పట్టీ చేసింది నూకరత్నం.

*

నాలుగేళ్ళ కిందటి మాట. కోకాపేటలో సినిమా కంపెనీవాళ్ళు పెట్టిన ప్రయోగశాల. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసినవాడి కూతురు నరాల మీద పెద్ద చదువు చదివి అక్కడ ఉద్యోగంలో చేరింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నూకరత్నం మెడకి పట్టీ తగిలించుకుని, ఒక పనసతొన వొలిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్క గదిలో ఆమెతో పనిచేసే అజ్మతుల్లా రెండో పట్టీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గదిలో పనస లేదు, పనస గింజ కూడా లేదు. అయినా మీట నొక్కగానే అజ్మతుల్లా ఎగిరి గంతేశాడు.

"మేడమ్, పనస! అమ్మతోడు, పనస వాసనే!"

ఒకరి ఒంటికి తెలిసింది ఇంకొకరి ఒంటికి తెలియడం, అంతే ఆ పట్టీ. మొదట రాసుకున్నది ఒక చిన్న స్టీలు డబ్బీలో ఉంటుంది. దాన్ని మాస్టరు అన్నారు. దాన్నుంచి ఎన్ని నకళ్ళైనా తీయొచ్చు. హాల్లో కుర్చీకి ఒక పట్టీ తగిలిస్తే, తెర మీద హీరో పడుతుంటే చూసేవాడి కడుపులో నిజంగా పేగులు జారుతాయి. కంపెనీ యజమాని విశ్వేశ్వర్ ఆ రోజే అందరికీ మిఠాయిలు పంచాడు.

ఆ తర్వాత నూకరత్నానికి పనస వాసన తెలియలేదు. జలుబు అనుకుంది. మరుసటి ఏడాదీ తెలియలేదు. పోనీలే, వాసనేగా అని ఊరుకుంది. ఇదీ ఆవిడ శాస్త్రజ్ఞానం!

పడేవాళ్ళు కావాలని కంపెనీ వెతుకుతున్నప్పుడు "మా చెల్లి ఉందండీ, పదేళ్ళ నుంచి డూపులు చేస్తోంది" అని నోరు తెరిచి చెప్పింది కూడా నూకరత్నమే. ఒప్పందం మీద సాక్షి సంతకం పెట్టిందీ ఆవిడే.

"ఇదేటప్పా, దిష్టి తాయెత్తా?" అంది మొదటి రోజు పైడితల్లి, మెడ తడుముకుంటూ.

"కాదే గుంటా. నువ్వు పడినప్పుడు నీ కడుపులో జలదరిస్తాది సూడు, అది రాసుకుంటాది."

"రాసుకోనీ. నాకెందుకది?" అని పైడితల్లి పకపకా నవ్వింది.

దాని నవ్వు ఒక తీరు. మొదలైతే ఆగదు. గుక్క పట్టి, భుజాలు ఊగిపోయి, చివర్న ఒక్క ఎక్కిలి వస్తుంది. ఆ ఎక్కిలికి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. చిన్నప్పుడు బళ్ళో ఆ ఎక్కిలికి పైడితల్లి తిన్న బెత్తం దెబ్బలు ఇన్నీ అన్నీ కావు.

ఎనిమిది నెలలు షూటింగు జరిగింది. కథ వరుసలోనే తీశారు. మూడో నెలలో పైడితల్లి ఒక మాట అంది.

"అప్పా, ఇప్పుడు పడుతుంటే ఏటీ అవ్వట్లేదే. మంచం దిగినట్టుంది."

యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. నూకరత్నం కూడా సంబరపడింది. డూపు చేసేదానికి భయం పోతే అంతకంటే ఏం కావాలి అనుకుంది. పట్టీలో కొలత రోజురోజుకీ ఎందుకు పడిపోతోందో అడగాల్సింది ఆవిడే. అడగలేదు. బ్యాటరీలు మార్పించింది!

*

చావు షాట్లు ఆఖరి పది రోజుల్లో తీశారు. సినిమావాళ్ళకి ఒక ఆచారం ఉంది. కెమెరా ముందు ఎవరైనా చచ్చిపోతే ఆ షాటు మీద కెమెరా ఆపరు. చచ్చిన మనిషి లేచి, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు పడ్డాకే కెమెరా ఆపి, గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తారు. ఆ ముక్క ఎలాగూ సినిమాలో ఉండదు. అయినా నవ్వు షాటు పడకపోతే ఎవరికీ నిద్రపట్టదు.

ఫైట్ మాస్టరు కోటయ్యకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. తెనాలి మనిషి, అరవై దాటాయి, ఇంత పొట్ట! పైడితల్లిని సొంత కూతురి కంటే ఎక్కువ చూసుకుంటాడు.

"ఉత్తుత్తి నవ్వు నవ్వితే లాభం లేదమ్మాయ్. కడుపులోంచి రావాలి. అట్టా అయితేనే గండం పోయిద్ది" అనేవాడు.

అది కడుపులోంచి నవ్వడం కోసం, ఆ వయసులో, ఆరుగురు హీరోల ముందూ పొట్ట రెండు చేతులా పట్టుకుని, ఒంటికాలి మీద కాకిలా గెంతేవాడు. శవం వేషంలో ఉన్న పైడితల్లి లేచి కూర్చుని, ముసుగు లాగేసుకుని, గుక్క పట్టి నవ్వేది. ఎక్కిలి వచ్చేది. కెమెరా ఆగేది. గుమ్మడికాయ పగిలేది. అలా పంతొమ్మిది గుమ్మడికాయలు.

పదిహేనో కాయ దగ్గర ఎక్కిలి రాలేదు. పదిహేడో కాయ దగ్గర కోటయ్య మాస్టరు రెండుసార్లు గెంతాల్సి వచ్చింది. పంతొమ్మిదోసారి ఆయన ఆయాసంతో కూలబడేదాకా గెంతినా పైడితల్లి చూస్తూ కూర్చుంది.

"నవ్వు తల్లీ, అపశకునం" అన్నాడాయన బతిమాలుతూ.

అది పెదవులు సాగదీసింది. పాపం, అలసిపోయింది అనుకున్నారు అందరూ.

*

కృష్ణానగర్లో పైడితల్లి ఉండేది ఒకటిన్నర గది. ఆరేళ్ళ కూతురు లహరి తప్ప దానికి ఇంకో తోడు లేదు. షూటింగు అయిన నెలకి, ఒక ఆదివారం పొద్దున నూకరత్నం ఆ ఇంటికి వెళ్ళింది. లహరి గది మధ్యలో నిలబడి, గౌనులో దిండు దూర్చుకుని, అది పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతోంది. అచ్చం కోటయ్య మాస్టరే. నూకరత్నానికి నవ్వాగలేదు.

పైడితల్లి మంచం మీద కూర్చుని కూతుర్ని చూస్తోంది. కిటికీలోంచి బస్సుని చూసినట్టు చూస్తోంది.

"బాగుందమ్మా" అంది కాసేపటికి.

లహరి దిండు తీసి కింద పడేసింది. నూకరత్నం దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది.

"అమ్మ నవ్వట్లేదు పెద్దమ్మా. రోజూ చేస్తున్నాను. నా డాన్సు పాతబడిపోయిందా?"

ఆ మాటకి నూకరత్నం చెల్లెల్ని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏటైందే నీకు?"

"ఏటీ అవ్వలేదప్పా. నవ్వాలని తెలుస్తోంది. ఎక్కడ నవ్వాలో కూడా తెలుస్తోంది. రావట్లేదు అంతే. తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంటాది." మళ్ళీ తనే అంది, "గుంట కష్టపడి సేస్తోంది. నవ్వకపోతే బాగోదని నిన్న నోటితో హహ్హహ్హ అన్నాను. అది ఏడిచింది."

అప్పుడే లహరి వంటింట్లోకి తొంగిచూసి, "పెద్దమ్మా, కింద ఆంటీ వాళ్ళు పనసకాయ కోస్తున్నారు. వాసన ఎంత బాగుందో!" అంది.

నూకరత్నం గాలి పీల్చింది. ఏమీ లేదు. ఇంకా గట్టిగా పీల్చింది. ఇల్లంతా పనస వాసనేనట, ఆవిడకి మాత్రం ఏమీ లేదు. అక్కడే, స్టవ్వు పక్కన, నాలుగేళ్ళ నుంచి ముక్కు ముందు పెట్టుకున్న నిజం ఆవిడకి అప్పుడు కనిపించింది.

ఆదివారం అని కూడా చూడకుండా ప్రయోగశాలకి పరిగెత్తింది. అడుగు అరలోంచి పాత పనస డబ్బీ తీసింది. ముందు దాని నకలు పెట్టుకుంది. వాసన రాలేదు. అజ్మతుల్లాకి వచ్చింది, అందరికీ వచ్చింది, ఇచ్చినదానికి మాత్రం రాలేదు. తర్వాత వైరు తిరగేసి మాస్టరునే మెడకి పెట్టుకుంది. గది నిండా పనస! తీపి, జిగురు, చేతులకి రాసుకున్న నూనెతో సహా. కళ్ళ నీళ్ళు తుడుచుకుని డబ్బీ చూసింది. ఖాళీ.

పట్టీ మనిషి దగ్గర నకలు తీయదు. దోచుకుంటుంది. ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేస్తే డబ్బీ ఖాళీ అవుతుంది.

పైడితల్లి డబ్బీ గీతలు తెర మీదికి తెచ్చింది. ఎనిమిది నెలల భయం, మొదట్లో పెద్ద పెద్ద లోయలు, రాను రాను గుంటలు, ఆఖర్న చదును. కాని ఆ పంతొమ్మిది షాట్ల దగ్గర చదును పక్కనే ఒక్కొక్క గుట్ట ఉంది. లోయ అంటే భయం. మరి ఈ గుట్టలేమిటి? మొదటి గుట్ట కొసన ఒక చిన్న ముల్లు ఉంది. ఎక్కిలి!

కెమెరాకీ పట్టీకీ ఒకటే మీట పెట్టింది నూకరత్నమే. కెమెరా ఆగితే పట్టీ ఆగుతుంది, పొరపాటుకి తావుండదు అని తెగ మురిసిపోయింది. చావు షాటు మీద కెమెరా ఆపరన్న సంగతి ఆవిడకి తెలియనిదా? చెల్లెలి నవ్వు షాట్లు ఎన్ని చూసింది! చూసి కూడా తట్టలేదు. గండం పోవాలని ఆ ముసలాయన గెంతిన ప్రతి గెంతుకీ, పైడితల్లి నవ్విన ప్రతి నవ్వూ డబ్బీలోకి పోయింది.

*

"అయ్యో పాపం" అన్నాడు విశ్వేశ్వర్. విడుదలకి తొమ్మిది రోజులుంది. గది నిండా పోస్టర్లు. "మంచి డాక్టరు దగ్గరికి పంపిద్దాం రత్నం. ఖర్చంతా కంపెనీదే."

"డాక్టరు ఎందుకండీ? దాని నవ్వు మన అరలో ఉంది. అరగంట పని. దానికి తిరిగి ఎక్కించేస్తాను."

"ఎక్కిస్తే డబ్బీ ఖాళీ అవుతుందని నువ్వేగా చెప్పావు?"

"ఎడిటింగుకి నకలు వెళ్ళిపోయింది కదండీ, థియేటర్లకి అదే చాలు. ఇంక మాస్టరుతో మనకేం పని?"

ఆయన జాలిగా చూశాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "రెండో భాగంలో తుఫానురాణి మళ్ళీ బతుకుతుందమ్మా. మాస్టరు లేకుండా ఎలా?"

"కనీసం నవ్వుల వరకైనా ఇప్పించండి. అది సినిమాలో లేదు. చెత్తలో పారేసేదేగా?"

"చెత్తైనా కంపెనీదేనమ్మా. మీ చెల్లెలు సంతకం పెట్టింది. సాక్షి సంతకం నీదే, చూడు." కాగితం ఆమె వైపు తిప్పి, "విడుదల కానీ. తర్వాత తప్పకుండా ఆలోచిద్దాం" అన్నాడు.

నూకరత్నం ఆ గదిలోంచి వచ్చేసింది. సంచీలో డబ్బీల అర తాళం ఉంది. ఉండి ఏం లాభం? ఉద్యోగం పోతుందని భయం, కేసు పెడతారని భయం. తన భయాన్ని మాత్రం ఏ పట్టీ తీసుకోలేదు, భద్రంగా ఉంది! మెట్లు దిగుతూ తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాసేవి కావు.

దారిలో ఎడిటింగు గది తలుపు తీసి ఉంది. ఆరుగురు హీరోల్లో ఎవరి ఒళ్ళో చావాలో తేల్చుకోలేక దర్శకుడు ఆరు చావులనీ వరసగా అతికించేశాడని అక్కడ చెప్పుకుంటున్నారు. పడే షాటు మామూలు వేగం. ఆ తర్వాత ఆరు ఒళ్ళూ, ఆరు ఏడుపులూ సాగదీసిన వేగం. పట్టీ గీత మాత్రం కంటికి కనిపించేది కాదు, దాన్నెవరూ ముట్టుకోలేదు. అది మామూలు వేగంలోనే నడుస్తోంది. బొమ్మ ఇంకా చావు దగ్గరే ఉండగా గీత నవ్వు షాటుకి చేరిపోతుంది. అంటే హీరోలు ఏడుస్తుండగానే నవ్వు వచ్చేస్తుంది.

లోపలికి వెళ్ళి ఆ ముక్క చెప్తే రెండు నిమిషాల్లో కత్తిరించేవాళ్ళు. నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడింది. తర్వాత నోరు మూసుకుని బస్టాపుకి నడిచింది.

*

విడుదల రోజు ఉదయం ఆటకి ముగ్గురూ వెళ్ళారు. లహరి పట్టుబట్టింది, అమ్మ పడిన షాట్లు చూస్తానని. ఎనిమిది వందల కుర్చీలు, ఎనిమిది వందల మెడలకి పట్టీలు. కాగితాలు, ఈలలు, ఆరుగురు హీరోలకీ ఆరు రకాల కేకలు.

మొదటి సగం నిప్పే. తుఫానురాణి గోపురం మీంచి దూకితే హాలంతా ఒక్క గొంతుతో కెవ్వుమంది. నూకరత్నం కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయింది. కడుపులో జారిన ఆ పేగులు తన చెల్లెలివి. పక్కన పైడితల్లి మెడకి కూడా పట్టీ ఉంది. అది పాప్‌కార్న్ నములుతోంది.

విశ్రాంతి తర్వాత చప్పబడిపోయింది. పర్వతాలు విరిగాయి, నగరాలు కూలాయి, ఏడుగురూ ఎగిరారు. హాల్లో ఆవలింతలు మొదలయ్యాయి.

"ఏందన్నా ఇది?" అన్నాడు వెనక వరసలో ఒకాయన పక్కవాడితో. "ఇంటర్వెల్ దాకా పానం పోయినంత పనైంది. గిప్పుడేమో జర్రంత సుత ఏం అనిపిస్తలేదు. పైసలు అయిపోయినయేమో వీళ్ళకి."

పైసలు కాదు నాయనా, మనిషి అయిపోయింది! నూకరత్నం వెనక్కి తిరిగి ఆ మాట అరవబోయి పళ్ళు బిగపట్టుకుంది.

ఆఖరికి తుఫానురాణి పడింది. ఇనుపరెక్క ఒళ్ళో కళ్ళు మూసింది. ఆయన ఏడ్చాడు. సన్నాయి మోగింది. నీలికన్ను ఒళ్ళోకి మారింది, ఆయనా ఏడ్చాడు. భూకంపం వేషం వేసినాయన చేతులు ఆకాశానికి ఎత్తి భోరుమనబోయేసరికి, ముందు వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు.

తర్వాత హాలు హాలంతా. గుక్క పట్టి, భుజాలు ఊగిపోతూ, ముసలివాళ్ళూ పిల్లలూ, కాగితాలు చల్లినవాళ్ళూ, ఆవలించినవాళ్ళూ. పొట్టలు పట్టుకుని నవ్వారు. చివర్న ఎనిమిది వందల గొంతుల్లో ఒకేసారి ఎక్కిలి వచ్చింది.

నూకరత్నానికీ వచ్చింది. కోపంతో కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి, నోరేమో చెల్లెలి నవ్వు నవ్వుతోంది. పట్టీ పీకి పారేసేదాకా ఆగలేదు.

పైడితల్లి ఒక్కతే నవ్వలేదు. అటూ ఇటూ చూసింది. చేతిలో పాప్‌కార్న్ అలాగే ఉంది.

"అందరూ ఎందుకే నవ్వుతున్నారు?" అంది. తర్వాత తల పక్కకి వంచి వింది. "అప్పా, ఈ నవ్వు నానెక్కడో విన్నాను. ఎవరిదే ఇది?"

జవాబు లహరి చెప్పింది. కుర్చీ మీదికెక్కి నిలబడి, మెడ పట్టీ రెండు చేతులా లాగేసి, తెర వైపు చూస్తూ గొంతు చించుకుంది.

"అది మా అమ్మ నవ్వు! మా అమ్మకి ఇచ్చెయ్యండి! ఇచ్చెయ్యండీ!"

చుట్టూ ఉన్న నాలుగు వరసలవాళ్ళూ తిరిగి చూసి మళ్ళీ నవ్వారు. అప్పటికి పట్టీలో నవ్వు అయిపోయింది. అది వాళ్ళ సొంత నవ్వే.

నూకరత్నం లేచింది. ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో చెల్లెల్ని పట్టుకుని, సినిమా అయ్యేదాకా ఆగకుండా బయటికి నడిచింది.

*

ఆటో ఇంకా మెహదీపట్నం దాటలేదు, ఫోను మోగింది. విశ్వేశ్వర్.

"రత్నం! ఊరంతా చావు దగ్గర జనం నవ్వుతున్నారట! ఏం చేశావే? వెంటనే వెళ్ళి ఆ నవ్వు తుడిచెయ్. మాస్టరులో లేకుండా తుడిచెయ్. నకళ్ళన్నీ మార్చాలి!"

"అలాగేనండీ, తీసేస్తాను. దానికే వెళ్తున్నాను" అని పెట్టేసింది.

ప్రయోగశాల గేటు దగ్గర దిగుతుంటే మళ్ళీ మోగింది. ఈసారి గొంతు మారింది.

"ఆగాగు, ముట్టుకోకు! జనం ఆ నవ్వు కోసమే రెండో ఆటకి మళ్ళీ వస్తున్నారట. మొత్తం సినిమాలో అదొక్కటే బాగుందంటున్నారు! రత్నం, వింటున్నావా? ఇంకా కావాలి. రెండో భాగం నిండా అదే పెడదాం. మీ చెల్లెల్ని పిలిపించు."

"మా చెల్లి దగ్గర ఇంకేం లేదండీ. మీరు మొత్తం తీసేసుకున్నారు."

"అదేం మాట? మనం మాట్లాడుకుందాం. డబ్బీ జాగ్రత్త!"

"జాగ్రత్తగానే చూస్తాను. ఇన్నాళ్ళూ చూడలేదు" అంది నూకరత్నం.

లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. అరలోంచి డబ్బీ తీసింది. జర్దా డబ్బా అంత ఉంది. ఒక మనిషి ఇంతలో పట్టేసింది! పైడితల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి పట్టీ కట్టి, వైరు తిరగేసింది.

"వినవే గుంటా. ఎలా పోయిందో అలాగే వస్తాది. ముందు పడటాలన్నీ వస్తాయి, ఒక్కొక్కటీ. నవ్వు ఆఖర్న ఉంది. మధ్యలో ఆపితే నవ్వు దాకా రాదు."

"పెట్టప్పా. పడటం నాకేటి కొత్తా?"

కొత్తే అయింది. ఎనిమిది నెలల పాటు విడివిడిగా పడ్డ భయం ఒక్క అరగంటలో మీద పడింది. పైడితల్లి పెట్టిన మొదటి కేకకి లహరి బల్ల కింద దూరింది. కుర్చీ చేతుల మీద దాని గోళ్ళు విరిగాయి. ముఖం పాలిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది. పదో పతనం దగ్గర నూకరత్నం తట్టుకోలేక మీట మీద చెయ్యి వేసింది.

"ముట్టుకున్నావంటే సంపేత్తాను!" అని అరిచింది పైడితల్లి, కళ్ళు మూసుకునే.

నెలల తర్వాత దానికి కోపం రావడం అదే మొదటిసారి. నూకరత్నం చెయ్యి తీసేసింది.

బయట తలుపు మీద బాదుతున్నారు. గేటు మనుషులు, వాళ్ళ వెనక విశ్వేశ్వర్ గొంతు, పోలీసు అన్న మాట. అజ్మతుల్లా ఎవరితోనో, తాళంచెవి లేదు సార్, నిజంగా లేదు సార్ అని అబద్ధం చెబుతున్నాడు. తెర మీద లోయలు అయిపోయాయి. పంతొమ్మిది గుట్టలూ ఒకదాని వెనక ఒకటి కరిగాయి. ఆఖరి గీత చదునైంది. డబ్బీ ఖాళీ.

నూకరత్నం ఆ క్షణమే పట్టీ విప్పేసింది. వైరు పీకేసింది. బల్ల మీది కత్తెర తీసుకుని పట్టీని రెండు ముక్కలు చేసింది కూడా.

పైడితల్లి కళ్ళు తెరిచింది. నవ్వలేదు. గోడ వైపు చూస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఆలస్యమైపోయిందా? అసలు చచ్చిపోయిందా ఆ నవ్వు?

లహరి బల్ల కిందనుంచి వచ్చింది. తల్లిని చూసింది, పెద్దమ్మని చూసింది. ఏమనుకుందో ఏమో, సోఫా మీది దిండు లాక్కుని గౌనులో దూర్చుకుని, చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఎక్కి నిలబడింది. దిండు రెండు చేతులా పట్టుకుని ఒక కాలు ఎత్తింది. కుర్చీ గిర్రున తిరిగింది.

"ఒలే! దిగవే! పడిపోతావే!"

పైడితల్లి ఒక్క అంగలో పిల్లని ఒడిసిపట్టుకుంది. గుండె దబదబా కొట్టుకుంటుంటే కూతుర్ని గట్టిగా అదుముకుంది. దానికి భయం వేసింది! లహరి ఆ కౌగిట్లోనే, ఒక కాలు ఇంకా పైకే పెట్టి, దిండు పొట్టతో, బెదిరిపోయిన కోటయ్య మాస్టరులా తల్లి ముఖంలోకి చూసింది.

పైడితల్లి పెదవి వణికింది. భుజం ఊగింది. గుక్క పట్టింది.

తలుపు ఊడివచ్చేసరికి అది నేల మీద కూలబడి, పిల్లని వాటేసుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. విశ్వేశ్వర్ గుమ్మంలో నిలబడి ఖాళీ డబ్బీని, తెగిన పట్టీని చూశాడు.

"మాస్టరు ఎక్కడ?" అన్నాడు. "కంపెనీ ఆస్తి అది. ఎక్కడ పెట్టావు?"

నూకరత్నం చేతిలో కత్తెర అలాగే ఉంది. ఆయనకి దారి ఇస్తూ పక్కకి జరిగింది.

"అదిగో, నవ్వుతోంది" అంది. "వెళ్ళి తీసుకోండి చూద్దాం."

ఎవరూ కదల్లేదు. పైడితల్లికి ఎక్కిలి వచ్చింది.